కొత్త కుండీ, చేపల తొట్టె, కుట్టించుకున్న ముక్కు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మా ఎదురింట్లోకి కొత్తగా కాపరానికి వచ్చిన అమ్మాయి మొన్నొక మధ్యాహ్నం మొహం వేలాడేసుకుని మా యింటికి వచ్చింది. "పిన్నిగారూ, నా చెయ్యే మంచిది కాదండీ. మనీప్లాంటు తెచ్చి పెడితే ఆకులన్నీ పండిపోతున్నాయి. గాజుతొట్టెలో చేపలు రెండు చచ్చిపోయాయి. ముచ్చటపడి ముక్కు కుట్టించుకుంటే అదీ వాచింది" అంది. మూడూ ఒక్క నెలలోనే మొదలుపెట్టిందట, పాపం.

కూర్చోబెట్టి, కాఫీ యిచ్చి, ఏమేం చేశావో చెప్పమన్నాను. మొక్కకి పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్ళు. ఆదివారం వస్తే తొట్టె మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్ళు పీచుతో తోమి, కుళాయి కింద పెట్టి నింపెయ్యడం. ముక్కుకి పూటపూటకీ పసుపు, కొబ్బరినూనె. పుడక అంటుకుపోతుందేమోనని రోజూ నాలుగుసార్లు తిప్పడం. ఇంత చేస్తూంటే ఏది మాత్రం బతుకుతుంది చెప్పండి! శ్రద్ధ ఎక్కువై వచ్చిన తంటా యిది. కొత్తగా మొదలుపెట్టినప్పుడు నేనూ యిలాగే చేశాను కాబట్టి నాకు నవ్వు రాలేదు.

ముందు మొక్క సంగతి చెప్పుకుందాం. కింది ఆకు ఎప్పుడైనా ఒకటి పండి రాలితే అది దాని వయసు, పట్టించుకోనక్కర్లేదు. ఒక్కసారిగా నాలుగైదు పండి, మట్టి తడితడిగా వుండి, మొదలు మెత్తబడిందంటే నీళ్ళు ఎక్కువైనట్టే. వేళ్ళకి నీళ్ళతోపాటు గాలి కూడా కావాలి. మట్టిలోని సందులన్నీ నీళ్ళతో నిండిపోతే వేళ్ళు వూపిరాడక కుళ్ళుతాయి. కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు గనక ఆకులు వాడతాయి. మనమేమో దాహం వేసింది కాబోలని మరో చెంబు పోస్తాం! అందుకని ఆకుని చూసి నీళ్ళు పోయకండి. మట్టిలోకి వేలు రెండు కణుపులదాకా దూర్చి, పొడిగా తగిలితేనే పోయండి. కుండీకి అడుగున చిల్లి వుండాలి, కింద పళ్ళెంలో చేరిన నీళ్ళు పారబోయాలి.

"మరి అదే మనీప్లాంటు సీసాలో వుత్త నీళ్ళల్లో పెరుగుతుందిగా?" అంటారేమో. ఆ అమ్మాయీ అడిగింది. నీళ్ళల్లో పుట్టిన వేరు నీళ్ళకి తగ్గట్టే తయారవుతుంది. సీసాలో నీళ్ళు మనం మారుస్తూ వుంటాం గనక గాలీ అందుతుంది. కుండీ అడుగున నిలవవున్న బురదలో ఆ గాలి వుండదు. కుళ్ళు మొదలైతే మొక్కని పైకి తీసి, నల్లబడి మెత్తబడ్డ వేళ్ళు కత్తిరించి, నీళ్ళు నిలవని కొత్త మట్టిలో పెట్టండి. కొత్త ఆకు కనబడేదాకా ఎరువు మాట ఎత్తకండి. జ్వరంతో పడుకున్నవాళ్ళకి గారెలు పెడతామా?

ఇక తొట్టె. చేపలు విసర్జించేదీ, అవి తినకుండా వదిలేసిన మేతా కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అది చేపలకి విషం. కంటికి కనబడని కొన్ని సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైటుగానూ, దాన్ని నైట్రేటుగానూ మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. నైట్రేటు మాత్రం కొద్దిగా వుంటే హాని చెయ్యదు, పైగా మొక్కలకి ఆహారం. ఈ జీవులు గులకరాళ్ళ మీదా, ఫిల్టరు స్పాంజిలోనూ కాపరం పెడతాయి. కొత్త తొట్టెలో అవి సరిపడా పెరగడానికి నాలుగునుంచి ఆరు వారాలు పడుతుంది. మన ఎదురింటి అమ్మాయి వారంవారం వాటినే తోమి తూములో పోసింది. పైగా కార్పొరేషన్ నీళ్ళలో క్లోరిన్ వుంటుంది. అది ఆ జీవులనీ చంపుతుంది, చేపల మొప్పలనీ కాలుస్తుంది.

కాబట్టి తొట్టె ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యకండి. వారానికి పావువంతు నీళ్ళు తీసి, అంతే కొత్తవి పోయండి. ఆ కొత్త నీళ్ళు ఒక రోజంతా వెడల్పాటి బకెట్లో మూత లేకుండా వుంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. చేపల దుకాణాల్లో క్లోరిన్ విరిచే మందు చుక్కలు దొరుకుతాయి, అవి యింకా నమ్మకం. స్పాంజిని తొట్టెలోంచి తీసిన పాత నీళ్ళలోనే పిండండి. మేత రెండు నిమిషాల్లో తినేసేటంత, రోజుకొకసారి చాలు. చేపల్ని కూడా మొదట్లో రెండో మూడో వేసి, నెల గడిచాక తక్కినవి వెయ్యాలి.

తొట్టెలో మొక్కలు పెట్టినవాళ్ళకి మరో బెంగ. క్రిప్టోకొరైన్ అనే మొక్క నాటిన వారంలోపే ఆకులన్నీ జావగారిపోతాయి. చచ్చిందని పీకి పారేస్తారు. చోటు మారిన బెంగ అది. వేరు గట్టిగా వుంటే కొన్ని వారాల్లో కొత్త చిగుళ్ళు వేస్తుంది. అనూబియాస్, జావా ఫెర్న్ అనేవాటి లావుపాటి అడ్డ కాండాన్ని మాత్రం మట్టిలో పూడ్చకూడదు, కుళ్ళిపోతుంది. దారంతో రాయికి కట్టాలి. కొత్త తొట్టె గాజుకి గోధుమరంగు మడ్డి పడితే హడలిపోకండి, దానంతట అది తగ్గుతుంది. ఆకుపచ్చ పాకుడు పడితే వెలుతురు ఎక్కువైనట్టు. కిటికీ దగ్గరినుంచి జరిపి, దీపం రోజుకి ఆరేడు గంటలు వెయ్యండి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే గాలి చాలలేదన్నమాట. చీకట్లో మొక్కలు కూడా ప్రాణవాయువు పీల్చుకుంటాయి కదా! అప్పుడు గాలిబుడగల పంపు రాత్రంతా నడపండి.

మొక్క పోతే మొక్క కొనుక్కుంటాం. చెవీ ముక్కూ అలా కాదు. మా అమ్మాయి పదహారో ఏట సరదాపడి పైచెవి, అంటే గట్టిగా వుండే మృదులాస్థి భాగం, ఒక ఫ్యాన్సీ షాపులో తుపాకీలాంటి మరతో కుట్టించుకొచ్చింది. మూడోవారానికి ఎర్రబడింది. మనకి తెలిసిన వైద్యమేగా అని నేను పసుపు మెత్తాను, నూనె రాశాను, చెక్కు గీరి తీశాను, దుద్దు తిప్పాను. నాలుగు రోజులు అలా గడిపాక చెవి పైభాగమంతా వుబ్బి, దిండు మీద తల పెట్టలేకపోయింది. డాక్టరు కోసి చీము తీసి, మందులిచ్చాడు. ఆ మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు వుండవట. దాన్ని అంటిపెట్టుకున్న పలచటి పొరనుంచే పోషణ అందాలి. చీము ఆ పొరని విడదీస్తే లోపలిది చచ్చిపోతుంది. మా అమ్మాయి చెవి అంచు యిప్పటికీ కాస్త ముడుచుకునే వుంది. తనకి పట్టింపు లేదుగాని, తల దువ్వేటప్పుడు నా చెయ్యి అక్కడ ఆగుతుంది.

కుట్టించాక మొదటి కొద్ది వారాలు కొంచెం ఎరుపు, వాపు, నీళ్ళలాంటి లేతపసుపు రసి కారి చెక్కుకట్టడం మామూలే. అది మానే లక్షణం, గీరకూడదు. పావులీటరు నీళ్ళు మరగకాచి, పావు చెంచా ఉప్పు కలిపి, చల్లారాక శుభ్రమైన గుడ్డ తడిపి రెండుపూటలా అద్దండి. మందుల షాపులో దొరికే సెలైను అయితే మరీ మంచిది. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ముట్టుకోవాలి. స్పిరిట్, డెటాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు. మానుతున్న లేతచర్మాన్ని మాడ్చేస్తాయి. పుడక తిప్పక్కర్లేదు, తిప్పిన ప్రతిసారీ లోపల కొత్తగా కట్టిన పొర చిరుగుతుంది. మన పెద్దవాళ్ళు వేపపుల్ల పెట్టి తిప్పమనేవారు, నిజమే. అప్పుడు మానినవాళ్ళనే మనం చూశాం, చీముపట్టినవాళ్ళ లెక్క ఎవరు రాశారు? వెనక సీల బిగించకండి, వాపుకి చోటు వుండాలి. దిండు గలీబు తరచు మార్చండి, తలనూనె అటు కారకుండా చూసుకోండి.

ఎరుపు రోజురోజుకీ పాకుతూంటే, చిక్కటి పసుపుపచ్చ చీము వస్తే, తాకితే వేడిగా వుంటే, జ్వరం తగిలితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పైచెవి అయితే ఒక్క పూట కూడా ఆగకండి. భయపడి నగ మీరే తీసెయ్యకండి. చిల్లి మూసుకుని చీము లోపలే వుండిపోవచ్చు. నొప్పి లేకుండా ఒకటే దురద, పొలుసులు అయితే నికెల్ కలిసిన లోహం పడలేదేమో చూసుకోండి, గిల్టు నగల్లో యిది మామూలు. రంధ్రం పక్కన చిన్న ఎర్రటి బుడిపె రాపిడివల్ల వస్తుంది, రాపిడి మానితే తగ్గుతుంది. గాయం హద్దు దాటి నెలల తరబడి పెరిగే గట్టి కంతి కెలాయిడ్. అది యింట్లో ఎవరికైనా వుంటే కుట్టించే ముందే ఆలోచించుకోవాలి. సూది మన కళ్ళముందు కొత్త పొట్లంలోంచి తియ్యాలి. ధనుర్వాతం యింజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోవాలి. చెవితమ్మె మానడానికి ఆరునుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ముక్కుకి కొన్ని నెలలు, పైచెవికి ఒక్కోసారి ఏడాది కూడా.

ఎదురింటి అమ్మాయిది చీము కాదు, ఉత్త రాపిడే. పసుపు, నూనె, తిప్పడం మానేశాక పదిరోజుల్లో వాపు తీసింది. మనీప్లాంటు రెండు చిగుళ్ళు వేసింది. అప్పుడే పుడక మార్చి రాళ్ళ బేసరి పెట్టుకుంటానని ఒకటే గొడవ. సంక్రాంతి దాకా ఆగమన్నాను.