గుండుసూదికి బదులు జిగురుపట్టీ

పండుగ నెల వచ్చినదనగా మన యిండ్లలో కుట్టుమిషనుకు విరామముండదు. బతుకమ్మ తొమ్మిది దినములకు పిల్లలకు పరికిణీలు, పెద్దలకు రవికలు, క్రొత్త చీరెలకు ఫాల్‌లు, అన్నియు నొక్కమారే వచ్చిపడును. హనుమకొండ జిల్లాలో కాజీపేట దాపున నున్న ధర్మసాగర్‌లో మేమును ఇంటిపనులు ముగించుకొని యిరుగుపొరుగువారికి కుట్టిపెట్టుచుందుము. ఈ పనిలో మమ్ము మిక్కిలి శ్రమపెట్టునది కుట్టు కాదు. కుట్టుటకు ముందు రెండు గుడ్డలను కదలకుండ కూర్చి నిలుపుట.

ఇందులకై మన తల్లులు కచ్చాకుట్టు వేసిరి. మనము గుండుసూదులు గ్రుచ్చుచున్నాము. గుండుసూదితో పని త్వరగా సాగుననుట నిజమే. కాని మిషను సూది దానిమీద పడినచో సూది విరుగును. విరిగిన తునక కంటివైపు ఎగురవచ్చును. పలుచని పట్టునందును, వానకోటు గుడ్డయందును, రెగ్జీనునందును దాని రంధ్రము మాయదు. అన్నిటికంటె భయంకరమైనది క్రింద జారిపడిన సూది. ఒకనాడు మా యింట ప్రాకులాడు పసివాని గుప్పిటలో గుండుసూది కనబడినప్పుడు మా ప్రాణములు పైననే పోయినవి. అది మొదలు, పనికి ముందును పిదపను సూదులను లెక్కించి డబ్బాలో వేయుట మాకు నియమమైనది.

ఆ దినములలోనే మాకు జిగురుపట్టీ పరిచయమయ్యెను. ఇది మనము కొలతకు వాడు టేపు కాదు. పావు అంగుళము వెడల్పున చుట్టగా నుండి, రెండువైపుల జిగురు గలిగి, ఒకవైపు కాగితము కప్పియుండును. అమెరికాలో రిచర్డ్ డ్రూ అను నతడు 1925లో మోటారుబండ్లకు రంగులు వేయువారి కొఱకు అంటుకాగితమును, 1930లో సెల్లోఫేను టేపును కనిపెట్టెను. మన పట్టీయు ఆ కుటుంబములోనిదే. దీనిలో రెండు రకములున్నవి. ఒకటి నీటిలో కరగిపోవునది. రెండవది కరగక గుడ్డలోనే నిలిచిపోవునది. ఇంటి కుట్టుపనికి మొదటిదే మేలు.

ఇది మనకు బొత్తిగా క్రొత్త సంగతియని తలపవలదు. నేతగాండ్రు నూలు పడుగునకు గంజి పెట్టుట మన మెరుగనిదా? మగ్గముమీద నున్నంతసేపు పోగు తెగకుండ గంజి కాపాడును; నేత ముగిసి గుడ్డ ఉతుకులో పడగానే నీటితో పోవును. పని యున్నంతవఱకు పట్టియుండి, పని తీరగానే తొలగిపోవుట, ఇదియే ఈ పట్టీ ధర్మము కూడ.

దీనిని వాడు విధము సులభము. ముందుగా గుడ్డను ఇస్త్రీ చేసి చల్లారనీయవలెను. పట్టీని కుట్టు పడవలసిన గీతమీద గాక, ఆ గీతకును గుడ్డ అంచునకును నడుమ అంటించవలెను. సూది జిగురులోనుండి పోయినచో దానికి బంక పట్టి దారము తెగును, కుట్లు తప్పును. కాగితము నొలిచి, రెండవ గుడ్డను పైన పరచి వ్రేలితో మెల్లగా నొక్కిన చాలును. వంకర వచ్చినచో తీసి మరల అంటించుకొనవచ్చును. కుట్టు ముగిసిన పిదప నీటిలో జాడించి జిగురు పోయినదని చూచుకొనవలెను. జిగురుండగా దానిపై ఇస్త్రీ పెట్టరాదు. వేడికి అది గుడ్డలో దిగిపోవచ్చును. జిప్పు కుట్టునప్పుడు దీని ప్రయోజనము స్పష్టముగా తెలియును. జిప్పు రెండంచులకు పట్టీ అంటించి స్థానమున నిలిపినచో, మిషను పాదము క్రింద అది ప్రక్కకు జరుగదు.

ఇంత విని, ఇక సూదిదారములతో పనిలేదని తలపవలదు. మేమును అట్లే తలచి నష్టపోయితిమి. పొరుగింటి యిల్లాలు కుమార్తె పెండ్లికై తెచ్చిన జరీ పట్టుచీరెను ఫాల్ కుట్టుటకు మాకిచ్చెను. త్వరలో ముగింతమని పట్టీతో ఫాల్ నంటించి కుట్టివేసితిమి. పిదప చూడగా అంచు అట్టవలె బిరుసెక్కియుండెను. ఆ చీరె నీటిలో ముంచదగినది కాదు. బట్టలు శుభ్రము చేయు అంగడివారు వాడు ద్రావకము నీటికి కరగు జిగురును కరిగించునని నమ్మరాదు. తడిగుడ్డతో తుడువబోగా నీటిమరక పడినది. ఫాల్ రంగు కూడ పట్టునకు దిగినది. ఆ యిల్లాలు కోపింపలేదు. “మీ చేతి మీద నమ్మకంతోని ఇచ్చిన అక్కా” అని మాత్రమనెను. ఆ పండుగ నెల కుట్టుకూలి యంతయు నా చీరె వెలక్రింద ఇచ్చివేసితిమి. డబ్బు పోయినందుకు గాదు, ఆ మాటకే మేము మిక్కిలి క్రుంగితిమి.

కావున సోదరీమణులారా, పట్టీని చేతబట్టుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈ గుడ్డను నీళ్లలో ముంచవచ్చునా? ముంచవచ్చునన్నచో, నూలు పరికిణీ అంచులకు, పాలిస్టరు చీరె ఫాల్‌లకు, జిప్పులకు, జేబులకు పట్టీ దివ్యముగా పనిచేయును. అయినను మొదట పేలికమీద అంటించి, కుట్టి, జాడించి చూడుడు. నూలు ఫాల్ అయినచో ముందే నానబెట్టి ఆరవేయుడు. లేకున్న తరువాత కుంచించుకొని చీరె అంచును ముడుతలు పడజేయును. ముంచరాదన్నచో, సన్నని సూది, పలుచని దారము తీసికొని కచ్చాకుట్టు వేయుడు. చేతులు కూర్చు చోటను, చంకల వంపులయందును, కుచ్చులు పోయు చోటను తిన్నని పట్టీ వంగదు గనుక అచ్చటను కచ్చాకుట్టే శరణ్యము. వానకోటు గుడ్డకును రెగ్జీనుకును గుండుసూదికి బదులు బట్టలు ఆరవేయు క్లిప్పులైనను సరిపోవును.

ఇప్పుడు మా డబ్బాలో మూడును ఉన్నవి: లెక్కపెట్టిన గుండుసూదులు, తెల్లని కచ్చాదారము, జిగురుపట్టీ. పట్టుచీరె వచ్చినప్పుడు మా చేయి దారముమీదికే పోవును. గడియసేపు ఆలస్యమైనను, ఇచ్చినవారి నమ్మకము చెడకుండ చీరె తిరిగి వారి యింటికి చేరుచున్నది. గుడ్డ కదలకుండుటకు ఉపాయములు అనేకములు. నమ్మకము నిలుపుకొనుటకు ఓపిక యొక్కటే ఉపాయము.