మోటారు పందెములలో ఉత్కంఠ నిలిచియున్నదా?



వ్యాకరణమును కావ్యములను ముప్పదేండ్లకు పైగా పాఠశాలలో చెప్పి విశ్రాంతి తీసికొన్న నావంటివాడు మోటారు కార్ల పందెమును గూర్చి ప్రసంగించుట మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. మా మనుమడు ఆదివారములయందు టెలివిజనులో ఫార్ములా వన్ పందెములు చూచుచుండగా ప్రక్కన కూర్చుండి చూచుట నాకును అలవాటైనది. మొదట రొద తప్ప నాకేమియు బోధపడలేదు. పోను పోను కొంత బోధపడినది. ఆ పందెములను ఏండ్ల తరబడి చూచుచున్నవారే ఇప్పుడొక తగవు పెట్టుకొనియున్నారు. పూర్వపు ఉత్కంఠ నేడు లేదనియు, ముందు నిలిచినవాడే ముందు చేరుననియు, రెండు గంటలు కూర్చుండి ఆవులించుటయే ఫలమనియు ఒక పక్షము. కాదని మఱియొక పక్షము. ఈ తగవును గూర్చి నాకు తోచినది విన్నవించుచున్నాను.

ఈ పందెములలో జగజ్జేత యను బిరుదునకై పోటీ 1950వ సంవత్సరము మే 13వ తేదీన ఇంగ్లండు దేశమందలి సిల్వర్‌స్టోనులో ఆరంభమైనది. ఒక్కొక్క పందెము సుమారు 300 కిలోమీటర్లు. శనివారమునాడు ఒక్కొక్క సారథి తన కారును ఎంత వేగముగా ఒక చుట్టు త్రిప్పగలడో పరీక్షింతురు. ఆ వరుస ననుసరించి ఆదివారము బారులు తీర్చి విడుతురు. మన ఊళ్ల బండలాగుడు పోటీలో ఒక్కొక్క జత విడివిడిగా లాగునట్లే ఈ శనివారపు పరీక్షయును. అచట ఎవరును ఎవరినిఁ దాటరు. అయినను చూచువారు ఊపిరి బిగబట్టుదురు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు.

దాటుట ఎందుకు కష్టమైనదో మొదట చెప్పవలెను. విమానపు రెక్క గాలివలన పైకి లేచును. ఈ కార్లకు ముందును వెనుకను రెక్కలు తలక్రిందుగా అమర్చియుందురు. కావున గాలి కారును నేలకు అదిమిపెట్టును. ఆ బలముచేతనే మలుపులలో అంత వేగమున జారక తిరుగగలవు. అయితే ముందు పోవు కారు తన వెనుక గాలిని చిలికి కలచివేయును. మట్టిబాటపై ముందు బండి రేపిన దుమ్ము వెనుక బండివాని కన్నులలో పడునట్లు, ఆ కలగిన గాలి వెనుకవానికి పాలగును. 2021 వఱకు నున్న కార్లలో, పది మీటర్ల దూరమున వెంటాడు కారు తన్నదుము బలములో దాదాపు సగము కోల్పోవుచుండెనని నియమకర్తలే లెక్కగట్టిరి. చక్రములు జారును, టైర్లు వేడెక్కి చెడును. వెనుకవాడు తనంత తానే తగ్గవలసివచ్చును. 2022లో కార్ల రూపు మార్చి ఈ నష్టమును చాలవఱకు తగ్గించిరి గాని, ఇంజనీర్లు ఊరకుండువారు కారు. రెండు మూడేండ్లలో వారి నేర్పు వలననే ఆ గాలి మఱల కలత చెందెను. 2024లో మొనాకో వీధులలో మొదటి పదిమందియు ఏ వరుసలో బయలుదేరిరో ఆ వరుసలోనే పందెము ముగించిరి. అట్లు జరుగుట అదియే మొదటిసారి.

రెక్కల ప్రాబల్యము ఇంకను ముదరని 1971లో ఇటలీయందలి మోంజాలో ఐదు కార్లు ఒక సెకనులో మూడింట రెండు వంతులకు లోబడి గమ్యము చేరినవి. పీటర్ గెథిన్ అనునతడు సెకనులో నూఱవ వంతు తేడాతో గెలిచెను. అప్పుడు ముందు కారు చాటున గాలి యడ్డు తగ్గి వెనుకవానికి మేలే కలిగెడిది. గాలి యదియే; దానితో మనుష్యుడు పెట్టుకొన్న పొత్తు మాఱినది.

దీనికి మందుగా 2011లో డి.ఆర్.ఎస్. అను ఉపాయమును ప్రవేశపెట్టిరి. వెనుకవాడు ఒక సెకను దూరములోపల నున్నచో, నిర్ణయించిన తిన్నని బాటలపై తన వెనుక రెక్కలోని పలకను తెఱచుకొనవచ్చును. అడ్డు తగ్గి వేగము హెచ్చును. ముందువానికి ఆ సౌకర్యము లేదు. దాటుటలు పెరిగినవి, కాని పలుమారులు అవి రాజమార్గమున నిలిచిన ఎద్దుబండిని బస్సు దాటినట్లుండెను. దాటెడివాని నేర్పేమి? దాటబడినవాని లోపమేమి?

నాకిచట ధనంజయుని దశరూపకము జ్ఞప్తికి వచ్చినది. నాటకకథకు ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని ఐదవస్థలు చెప్పబడినవి. ప్రాప్త్యాశయనగా, ఉపాయమును అపాయమును రెండును కలవు గనుక ఫలము దక్కునో దక్కదో యను సందేహముతో కూడిన ఆశ. నియతాప్తి, ఇక దక్కుట నిశ్చయమను స్థితి. ప్రేక్షకుని ప్రాణము మూడవ అవస్థలోనే కట్టుబడియుండును. కలగిన గాలి ఆశను చంపినది. తెఱచుకొను రెక్క సందేహమును చంపినది. రెండు విధముల చంపబడినది ప్రాప్త్యాశయే. కావున దాటుటలు ఎన్నియని లెక్కించి ఉత్కంఠను కొలుచుట తప్పుత్రాసు పట్టుటయని నా యభిప్రాయము.

ఒక్క దాటుటయు లేక రక్తి గట్టిన పందెములు కలవు. 2005లో ఇటలీయందలి ఇమోలాలో మైకేల్ షూమాకర్ పదుమూడవ స్థానమునుండి బయలుదేరి, కడపటి చుట్టులలో మొదటివాడైన ఫెర్నాండో అలోన్సోను అందుకొనెను. అతని కారే వేగము గలది. అయినను చుట్టు వెనుక చుట్టుగా ఆ యువకుడు ప్రతి మలుపునందును త్రోవ మూసి, సెకనులో సుమారు ఐదవ వంతు తేడాతో గెలిచెను. మఱుసటి యేడు అచటనే పాత్రలు తాఱుమాఱైనవి: షూమాకర్ ముందు, అలోన్సో వెనుక, అప్పుడును ముందువాడే గెలిచెను. 1981లో స్పెయినునందలి హరామాలో జీల్ విల్నవ్ అను సారథి, మలుపులలో మొండికెత్తు ఫెరారీ కారుతో నలుగురిని వెనుక నిలిపి గెలిచెను. ఐదుగురికిని నడుమ దూరము ఒక సెకనున్నర కంటె తక్కువ. తిన్నని బాటలపై తన ఇంజను బలమును నమ్ముకొని, మలుపులలో తప్పు చేయకుండుటయే అతని విద్య.

పూర్వమంతయు రసవత్తరమనుటయు నిజము కాదు. మొదటి యేడైన 1950లోనే ఐరోపాలో జరిగిన ఆఱు పందెములను అల్ఫా రోమియో జట్టే గెలిచెను. 1988లో మెక్లారెన్ 16లో 15, 2023లో రెడ్ బుల్ 22లో 21 గెలిచినవి. మన దేశమున గ్రేటర్ నోయిడాలో 2011 నుండి 2013 వఱకు జరిగిన మూడింటను సెబాస్టియన్ వెట్టెల్ ఒక్కడే గెలిచెను. నీరసమైన ఏండ్లను మఱచి మంచి ఏండ్లను దాచుకొనుట మనస్సునకు సహజము. ముసలివారమగు మనకు మఱియు సహజము. ఇటీవలను రసము లేకపోలేదు. 2024లో ఏడుగురు సారథులు తలా రెండు పందెములకు తక్కువకాకుండ గెలిచిరి. 2025లో లాండో నోరిస్ రెండే రెండు అంకముల తేడాతో జగజ్జేత యయ్యెను.

2021 సంగతి వేఱు. లూయిస్ హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ ఇరువురును 369.5 అంకములతో సమానులై అబూధాబీలో కడపటి పందెమునకు వచ్చిరి. చివర ప్రమాదమొకటి జరుగగా రక్షణవాహనము ముందు నడచినది. పందెపు అధికారి వారిరువురి నడుమనున్న ఐదు కార్లను మాత్రమే ముందుకు పంపి, ఒక్క చుట్టు మిగిలియుండగా పందెమును తిరిగి విడిచెను. క్రొత్త టైర్లతోనున్న వెర్‌స్టాపెన్ గెలిచెను. తరువాత సమాఖ్య విచారించి మానవదోషమని తేల్చెను. మా మనుమడు ఆనాడు గంతులు వైచెను గాని నాకు నచ్చలేదు. అది సారథులు పండించిన ఉత్కంఠ కాదు.

ప్రాణాపాయము తగ్గినందున రుచి తగ్గినదని మఱికొందఱందురు. 1994లో ఇమోలాయందు శనివారము రోలాండ్ రాట్సెన్‌బెర్గర్, ఆదివారము అయర్టన్ సెన్నా మరణించిరి. అది చూచినవారికి కలిగినది శోకమే గాని రసము కాదు. 2018నుండి సారథి తలచుట్టు హేలో అను లోహపు కమానును అమర్చుచున్నారు. మొదట దానిని వికారమని ఎగతాళి చేసినవారును కలరు. 2020లో బహ్రెయినున రోమన్ గ్రోజాన్ కారు గోడను ఢీకొని రెండు తునకలై మండినది. అతడు మంటలలోనుండి స్వయముగా వెలుపలికి వచ్చెను. ఆ కమాను లేనిచో వచ్చియుండడు. ఇట్టి రక్షణ వలన పందెము చప్పబడినదను మాట నేను ఒప్పుకొనజాలను.

2026నుండి నియమములు మఱల మాఱినవి. డి.ఆర్.ఎస్. పోయినది. కార్ల వెడల్పు 10 సెంటీమీటర్లు తగ్గినది; కనిష్ఠపు బరువు 800 కిలోలనుండి 768 కిలోలకు దిగినది. రెక్కలు కదల్చుకొను సౌకర్యము ముందువానికిని వెనుకవానికిని సమానమైనది. సెకనులోపల నున్న వెనుకవానికి కొంత విద్యుచ్ఛక్తి అదనముగా నిత్తురు. ముందువాడు తన బ్యాటరీలో దాచిన శక్తిని సమయమెఱిగి వెచ్చించి ఎదుర్కొనవచ్చును. చూడదలచినవారు మొదటి కారునే చూచుచు కూర్చుండక, ఏ యిద్దఱి నడుమ దూరము చుట్టు చుట్టునకు తగ్గుచున్నదో తెరపై అంకెలలో గమనింపుడు. ఆ దూరము సెకనులోపలికి వచ్చిన పిమ్మట, ముందువాని యొద్ద ఇంకను ఏదైన బదులు మిగిలియున్నదా లేదా యని చూడుడు.