బరువు తగ్గే ఆపరేషనుకు డాక్టరును ఎంచుకునేముందు

వంకాయలు కొనేటప్పుడు ఒక్కొక్కటీ తిప్పి, పుచ్చు ఉందేమోనని చూసి మరీ తీసుకుంటాం మనం. అలాంటి మనమే కడుపు కోసే డాక్టరు దగ్గరికొచ్చేసరికి మెట్రో స్తంభం మీది బొమ్మ చూసి వెళ్లిపోతున్నామండీ.

మా ఆడపడుచు కూతురు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తోంది. రాత్రి షిఫ్టులు, పగలు నిద్ర, అర్ధరాత్రి బిర్యానీలు. అయిదడుగుల మూడంగుళాల పిల్ల 96 కిలోలకు చేరింది. ముప్ఫై నాలుగేళ్లకే షుగరు కూడా వచ్చింది. "అత్తయ్యా, ఆపరేషను గురించి కనుక్కోవాలి, తోడు రారూ" అంటే వెళ్లాను.

మొదట వెళ్లిన క్లినిక్కులో డాక్టరుగారు కనిపించనే లేదు. తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి కాగితం మీద లెక్క వేసి, "ఈ వారంలోనే అడ్వాన్సు కడితే ముప్ఫై వేలు తగ్గిస్తాం మేడం" అంది. ఆషాఢమాసంలో చీరలకు తగ్గింపులు విన్నాను గానీ, కడుపుకు తగ్గింపు వినడం నాకదే మొదలు. లేచి వచ్చేశాం.

ఇంతకీ ఈ ఆపరేషను ఏమిటో ముందు తెలియాలి కదా. కొవ్వును గొట్టంతో లాగే లైపోసక్షను వేరు, ఇది వేరు. దీంట్లో ముఖ్యంగా రెండు రకాలు. స్లీవ్ అనే దాంట్లో జీర్ణాశయాన్ని ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేసి, అరటికాయలా సన్నటి గొట్టాన్ని మిగులుస్తారు. తీసేసింది మళ్లీ రాదు సుమా! బైపాసులో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా వేరు చేసి చిన్నపేగుకు కలుపుతారు. గుండెల్లో మంట, పులితేన్పులు బాగా ఉన్నవారికి స్లీవ్ చేస్తే ఆ బాధ పెరగవచ్చు. అంచేత మీ బాధలేవీ అడక్కుండా, ఎండోస్కోపీ మాటెత్తకుండా, "మీకు స్లీవే" అని తేల్చేసే చోట తొందరపడకండి.

ఎవరికి చెయ్యాలి అన్నదానికీ ఒక లెక్క ఉంది. ఎత్తును మీటర్లలో వేసి, దాన్ని దానితోనే గుణించి, వచ్చిన అంకెతో బరువును భాగించాలి. మా అమ్మాయి ఎత్తు 1.6 మీటర్లు. 1.6ను 1.6తో గుణిస్తే 2.56. దానితో 96ను భాగిస్తే 37.5. 1991లో అమెరికాలో పెట్టిన హద్దు 40, షుగరు వంటి జబ్బులుంటే 35. 2022లో సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు ఆ హద్దును 35కు, షుగరు ఉన్నవారికి 30కి దించాయి. మన ఆసియావాళ్లకు తక్కువ బరువుకే షుగరు వస్తుంది గనుక 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. ఆలోచించవచ్చు అన్నాయి గానీ, చేసి తీరాలని కాదు. 2025లో మన దేశంలోకి బరువు తగ్గించే ఇంజక్షన్లు కూడా వచ్చాయి. వాటి సంగతీ, తిండి మార్పుల సంగతీ చెప్పి, ఆ తర్వాత ఆపరేషను మాటెత్తే డాక్టరు మీద నాకు గురి కుదురుతుంది. అవసరమైతే "మీకు వద్దమ్మా" అనగలిగినవారే సర్జను.

2024 ఏప్రిల్‌లో జరిగిన సంగతి చెబుతాను. చెన్నై శివారు పమ్మల్‌లో ఒక చిన్న ఆసుపత్రికి ఈ ఆపరేషను కోసమే పుదుచ్చేరి నుంచి ఒక యువకుడు వచ్చాడు. ఖర్చు తక్కువవుతుందనే అక్కడికి వెళ్లారని పత్రికలు రాశాయి. ఆపరేషను మొదలైన కాసేపటికే పరిస్థితి విషమిస్తే, వేరే ఆసుపత్రికి తరలించారు. మర్నాడు ప్రాణం పోయింది. తమిళనాడు ఆరోగ్యశాఖ విచారణ జరిపి, అత్యవసర వసతులు సరిగా లేవని ఆ ఆసుపత్రిని తాత్కాలికంగా మూయించింది.

అందుకని మీరు అడగవలసిన మొదటి ప్రశ్న రేటు కాదు. "రాత్రి రెండింటికి నాకేదైనా అయితే ఎవరు చూస్తారు? ఐసీయూ ఈ భవనంలోనే ఉందా? మత్తు డాక్టరు రాత్రంతా ఉంటారా, ఇంటికెళ్తారా?" కుట్లు వేసిన చోట లీకయితే గుండె దడదడా కొట్టుకుంటుంది, జ్వరం, కడుపునొప్పి వస్తాయి. ఒక్కోసారి ఇంటికొచ్చాక కూడా రావచ్చు. గ్యాసని జీలకర్ర నీళ్లు తాగి కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

డాక్టరు చదువూ చూడాలి. ఎం.ఎస్. జనరల్ సర్జరీ తర్వాత ఈ పనిలోనే శిక్షణ పొందారా, నెలకు ఎన్ని చేస్తారు, ఎందరికి మళ్లీ కోయవలసి వచ్చింది అని అడగండి. కోపం తెచ్చుకునే డాక్టరుకు దణ్ణం పెట్టి వచ్చేయండి. పెద్ద అద్దాల భవనం అయితేనే మంచిదనీ లేదు. 2022లో మన ఉస్మానియా ఆసుపత్రిలోనే 240 కిలోల యువకుడికి ఈ ఆపరేషను చేశారు. దానికి పదిహేనుమంది డాక్టర్ల బృందం పనిచేసింది. ఒక్క సర్జను పేరే కాక వెనక ఉన్న మనుషుల్నీ చూడమంటున్నాను.

పోతే బీమా. చాలా పాలసీల్లో ఈ లెక్క 40 ఉంటేగానీ, లేదా అదుపులోకి రాని షుగరు వంటి జబ్బుతో 35 దాటితేగానీ డబ్బు ఇవ్వరు. తేదీ పెట్టుకోకముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఆపరేషను అయ్యాక ఉండే బతుకు గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. మొదట ద్రవాలు, తర్వాత మెత్తటి పదార్థాలు, చిన్న గిన్నెడు తింటే చాలు. ముందు పప్పు, గుడ్డు, పెరుగు, ఆ తర్వాతే అన్నం. బి12, ఇనుము, కాల్షియం మాత్రలు జీవితాంతం. మూడు నాలుగు నెలలకు జుట్టు రాలి, మళ్లీ వస్తుంది. పిల్లలు కావాలనుకునే అమ్మాయిలు ఏడాది, ఏడాదిన్నర ఆగాలి. మా అమ్మాయికి పెళ్లయి నాలుగేళ్లు. ఈ మాట మొదటి చోట ఒక్కరూ అనలేదు. రెండో చోట డాక్టరుగారు భర్తను కూడా కూర్చోబెట్టి ముందుగా చెప్పిందదే. తర్వాత, "ముందు షుగరు దించుకుని ఆరు వారాలాగి రామ్మా" అన్నారు.

వాళ్లిచ్చిన అత్యవసర నెంబరుకు ఆ రాత్రి పదకొండున్నరకు నేనే ఫోను చేశాను. మూడో రింగుకే నర్సు ఎత్తి, పేషెంటు పేరు, బాధ ఏమిటని అడిగింది. ఊరికే చూద్దామని చేశానమ్మా, ఏమీ అనుకోకు అన్నాను. "ఫరవాలేదండీ, చాలామంది చేస్తారు" అని నవ్వింది. పొద్దున్నే మా ఆడపడుచుకు కబురు చెప్పాను, ఆరు వారాల తర్వాత అక్కడికే వెళ్దామని.