తేమగాలిలో ఎస్సెల్లార్

ఎస్సెల్లార్ కెమెరాలో ఒక తమాషా ఉంది. ఫొటో పడే క్షణం ఒక్కటే తీసేవాడికి కనపడదు. లెన్స్ లోంచి వచ్చిన వెలుగు లోపల ఏటవాలుగా ఉన్న అద్దం మీద పడి, పైనున్న గాజు పట్టకంలో మలుపులు తిరిగి మన కంటికి చేరుతుంది. అందుకే లెన్స్ ఏం చూస్తే మనమూ అదే చూస్తాం. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, దాని వెనకున్న షట్టర్ తెర తెరుచుకుంటుంది, వెలుగు రీలు మీదో సెన్సార్ మీదో పడుతుంది. ఆ రెప్పపాటు మనకు చీకటి. అద్దం దిగేసరికి కొంగ ఎగిరిపోయి ఉంటుంది. దొరికిందో లేదో ఇప్పుడైతే వెనక తెర మీద వెంటనే తెలుస్తుంది. రీలు రోజుల్లో అయితే స్టూడియో వాళ్లు కడిగి ఇచ్చేదాకా తెలిసేది కాదు.

మాది ఆమదాలవలసలో మందుల షాపు. ఆదివారం షాపు తమ్ముడికి అప్పజెప్పి కెమెరా బ్యాగు తగిలించుకుని బయల్దేరడం ఎన్నో ఏళ్ల అలవాటు. పెళ్లిళ్లకు తీయను, డబ్బులు పుచ్చుకోను. అందుచేత నన్ను ఊళ్లో ఎవరూ ఫొటోగ్రాఫర్ కింద లెక్క వేయరు. ఈ సరదాకి మా ఊరు అనువైనదే. బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని రాసున్నా స్టేషన్ మాదే. పాసింజరెక్కితే ఒకవైపు పొందూరు, ఇంకోవైపు నౌపడ. నాగావళి పక్కనే. సముద్రం కావాలంటే కళింగపట్నం బస్సు పట్టుకోవచ్చు.

ఇంట్లో మొదట ఉన్నది మా నాన్న కొన్న ఆగ్ఫా క్లిక్-3. రీలుకు పన్నెండు ఫొటోలు. దానికి చూసే కిటికీ వేరు, లెన్స్ వేరు. మనిషి దగ్గరగా నిలబడితే కిటికీలో తల కనపడేది, ఫొటోలో ఎగిరిపోయేది. మా ఆల్బంలో తలల్లేని మేనత్తలు ఇద్దరున్నారు. ఆ బాధ లేని కెమెరా నా చేతికొచ్చింది ఎనభైల చివర్లో. విశాఖలో ఓడ మీద పనిచేసే ఒకాయన దగ్గర కొన్న సోవియట్ జెనిట్-ఇ. దాన్ని మెడకు తగిలించుకుంటే సాయంత్రానికి మెడ లాగేసేది. షట్టర్ వేగాలు సెకనులో 30వ వంతు నుంచి 500వ వంతు దాకానే. వెలుగు కొలిచే మీటరుకు బ్యాటరీ అక్కర్లేదు, సెలీనియం ఫలక మీద పడ్డ వెలుగే దాని ముల్లును కదిపేది. దానితో వచ్చిన హీలియోస్ 58 ఎంఎం లెన్స్‌కి రెండు రింగులు. ముందు అపర్చర్ పూర్తిగా తెరిచి ఫోకస్ చేసుకోవాలి, నొక్కేముందు రెండోదాన్ని తిప్పి మూయాలి. మూయగానే వ్యూఫైండర్ మసక. ఇంత తతంగం జరిగేదాకా నవ్వు పట్టుకుని నిలబడే మనుషులు అప్పట్లో ఉండేవారు.

జపాన్ వాళ్లు అప్పటికే ఎంతో ముందున్నారు. నొక్కగానే లేచి దానంతటదే దిగే అద్దాన్ని 1954లోనే అసాహి కంపెనీ తెచ్చింది. 1959లో నికాన్-ఎఫ్ వచ్చాక ప్రపంచంలో పత్రికల ఫొటోగ్రాఫర్లు చాలామంది అటు మళ్లారు. నికాన్ వాళ్లు లెన్స్ బిగించే కట్టును అప్పటినుంచి డిజిటల్ ఎస్సెల్లార్ల దాకా ఒకేలా ఉంచారు. కెనాన్ వాళ్లు 1987లో కట్టు మార్చేశారు, పాత లెన్స్‌లున్న వాళ్లంతా లబోదిబోమన్నారు. ఇది మనలాంటి వాళ్లకు అక్కర్లేని చరిత్ర అనుకోకండి. నా దగ్గరిప్పుడున్నది 2008లో వచ్చిన నికాన్ డి90. ప్రాణంలా చూసుకున్న ఆ హీలియోస్‌ను అడాప్టర్ వేసి దానికి తగిలిస్తే దగ్గరి పువ్వు బాగా పడుతుంది, దూరంగా ఉన్న కొండ మాత్రం ఎంత తిప్పినా మసకే. అదే లెన్స్ కెనాన్ మీద చక్కగా పనిచేస్తుంది. లెన్స్‌కూ సెన్సార్‌కూ మధ్య ఉండాల్సిన దూరంలో మిల్లీమీటరు తేడా, అంతే. పాత లెన్స్ చవగ్గా దొరికిందని కొనేవాళ్లు ఆ మిల్లీమీటరును ముందే కనుక్కోవాలి.

బ్యాగు, స్టాండు, ఫిల్టర్ అంటూ సామాన్ల జాబితా చాంతాడంత ఉంటుంది. మన శ్రీకాకుళం జిల్లాలో మాత్రం మొదటి రూపాయి తేమ మీద ఖర్చు పెట్టాలన్నది నా అభిప్రాయం. వానాకాలం వస్తే మా షాపులో జోరుగా పోయేది తామర మందు. ఒంటిమీద తామర పుట్టించే తేమే లెన్స్ లోపలా బూజును పెంచుతుంది. రెండూ శిలీంధ్రాలే. గాజు మీద ఆ బూజు ఏం తిని బతుకుతుందని మా మేనల్లుడు ఓసారి అడిగాడు. గాజు పూతల మీద చేరిన సన్నటి దుమ్ము, నూనె ఆవిరి, వేలిముద్రల జిడ్డు దానికి చాలు. ముదిరితే అది వదిలే ఆమ్లం గాజు పూతను తినేస్తుంది. ఆ తర్వాత ఎంత తుడిపించినా మచ్చ పోదు.

బూజు ఉందో లేదో చూడటం తేలికే. లెన్స్ రెండు మూతలూ తీయండి, అపర్చర్ రేకులు పూర్తిగా తెరుచుకునేలా చేయండి, చీకటి గదిలో ఒకవైపు నుంచి ఫోన్ లైటు వేసి రెండోవైపు నుంచి కొంచెం వంపుగా చూడండి. దుమ్మయితే చుక్కలు చుక్కలుగా ఉంటుంది, దుమ్ముతో భయం లేదు. బూజయితే అంచు దగ్గర మొదలై సన్నటి తెల్లటి పోగులు కొమ్మలు వేసుకుంటూ లోపలికి పాకుతాయి. ఒకసారి చూశాక మళ్లీ పొరబడరు.

గాలిలో తేమ 60 శాతం దాటితే బూజుకు పండగ. మా వైపు జూన్ నుంచి నవంబరు దాకా ఇంట్లో అంతకన్నా తగ్గిన రోజులు తక్కువ. కెమెరాకు 40, 50 శాతం మధ్య హాయి. మరీ 30 కన్నా దిగినా మంచిది కాదు, రబ్బరు గట్టిపడుతుంది. చాలామంది లెన్స్‌ను కొన్నప్పుడిచ్చిన గుడ్డ సంచిలోనో తోలు కేసులోనో పెట్టి బీరువాలో దాస్తారు. ఆ తోలే తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. కొందరు బియ్యం డబ్బాలో పెడతారు. బియ్యం లాగే తేమ తక్కువ, లెన్స్ సందుల్లోకి వదిలే పిండి ఎక్కువ. మాత్రల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు మా షాపులో దోసిళ్లతో దొరుకుతాయి, ఇమ్మని అడిగేవాళ్లూ ఉన్నారు. సీసా మూత తీసిన రోజు నుంచే అవి తేమ తాగేస్తూ ఉంటాయి, మన చేతికొచ్చేసరికి వాటి కడుపు నిండిపోయి ఉంటుంది.

నేను చేసింది ఇది. రబ్బరు అంచున్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో కొన్ని వందలకు దొరికే చిన్న తేమ మీటరు, రంగు మారే సిలికా జెల్ పావు కిలో. నారింజ రంగుది కొనండి, తేమ నిండితే ఆకుపచ్చకు తిరుగుతుంది, మళ్లీ వేడిచేస్తే నారింజకొస్తుంది. నీలం రంగు రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. మందులమ్మేవాడిగా చెబుతున్నా, ఏ రంగుదైనా వంట మూకుట్లో మాత్రం వేయించకండి. కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్లూ ఉన్నాయి, సుఖమే. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొట్టినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇంటా బయటా తడే ఉన్న ఆ రోజుల్లో క్యాబినెట్ ఉత్త బీరువా. ప్లాస్టిక్ డబ్బాకు కరెంటుతో పని లేదు.

ఇంకో రెండు సంగతులు. విశాఖ నుంచి ఏసీ బోగీలో వచ్చి దిగగానే కెమెరా బయటకు తీస్తే అద్దాల మీద మంచు పట్టేస్తుంది. పావుగంట బ్యాగులోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోట సూర్యోదయం తీసి వచ్చాక, కెమెరా ఒంటిని మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. ఒట్టి పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు, ఇసుక గీతలు పెడతాయి. లెన్స్ మార్చడం ఒడ్డున కాదు, బస్సెక్కాక.

ఉపకరణాల్లో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఉలవల సంచి. పాత ప్యాంటు కాలు కత్తిరించి రెండువైపులా కుట్టి, ముప్పాతిక దాకా ఉలవలు నింపాను. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పక్షుల్ని చూడటానికి కట్టిన టవరు పిట్టగోడ మీద దాన్ని పరిచి 300 లెన్స్ ఆనిస్తే, ఉలవలు లెన్స్ చుట్టూ సర్దుకుని కదలనివ్వవు. నా కెమెరా సెన్సార్ చిన్నది కాబట్టి 300 అంటే 450 చూపినట్టు లెక్క. చేత్తో పట్టుకుంటే సెకనులో 500వ వంతు కన్నా నెమ్మదిగా తీస్తే చేతి వణుకు ఫొటోలో పడుతుంది. సంచి ఉంటే కూర్చున్న పక్షిని ఇంకా నెమ్మదిగానూ తీయొచ్చు. ట్రైపాడ్ మోసుకెళ్లి నలుగురికీ అడ్డంగా మూడు కాళ్లు చాపే పని లేదు.

తేలినీలాపురానికి చలికాలం ముందొచ్చి మార్చి దాకా ఉండేవి ప్రధానంగా రెండు రకాలు, గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ. సైబీరియా నుంచి వస్తాయని ఊరూవాడా అంటుంది. నిజానికి రెండూ దక్షిణాసియా పక్షులే, అంత దూరం నుంచి రావు. ఊరివాళ్లు వాటిని ఎంత ప్రేమగా చూస్తారో అనడానికి ఒక మాట చాలు. పెద్ద లెన్స్‌తో గూడు కిందికి పోతున్న ఒక కుర్రాణ్ని పట్టుకుని ఒక ముసలమ్మ కేకలేసింది: "ఏటి బాబూ, పురిటికొచ్చిన ఆడపిల్లల కాడికి అలాగెల్తావేటి? అల్లంత దూరంకెళ్లి తీసుకో!" ఫ్లాష్ వెయ్యొద్దని బోర్డు పెట్టడం కన్నా ఆవిడ కేక బాగా పనిచేసింది.

ఆ కొంగల దగ్గరే కెమెరా మీటరు బుద్ధి తెలుస్తుంది. మీటరుకు తెలుపూ నలుపూ తెలియవు, ముందున్నదంతా సగటున బూడిదరంగు అనుకుని వెలుగు లెక్క కడుతుంది. చిక్కటి చెట్టులో చిన్న తెల్లకొంగ ఉంటే, చీకటి ఎక్కువుందని వెలుగు పెంచేస్తుంది. కొంగ సున్నం కొట్టినట్టు తెల్లగా పోయి ఈకలు కనపడవు. అదే కొంగ తెల్లటి ఆకాశంలో ఎగురుతుంటే వెలుగు తగ్గించేస్తుంది, కొంగ కాకవుతుంది. కెమెరా మీద ప్లస్, మైనస్ గుర్తున్న చిన్న బటన్ ఇందుకే. చెట్టులో ఉంటే మైనస్ ఒకటి, ఆకాశంలో ఉంటే ప్లస్ ఒకటి. నెమ్మదిగా కనుపాపతో లెక్కగట్టడం వచ్చేస్తుంది.

పొందూరులో అసలు సమస్యే వేరు. అక్కడి ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ పళ్ల సందుల్లోంచి పత్తి తెల్లగా పొగలా సాగుతుంటే చూడాలి. వడికే ఆడవాళ్లు కూర్చునేది ఇంటి లోపల, గుమ్మంలోంచి వచ్చే వెలుగులో. కెమెరాతోపాటు ఇచ్చే జూమ్ లెన్స్ ముందుకు లాగితే అపర్చర్ 5.6 దాకా మూసుకుంటుంది. ఆ చీకట్లో ఫొటో వణకక తప్పదు. ఫ్లాష్ వేస్తే పత్తి ఒక తెల్లముద్ద, ముఖం ఒక నూనెముద్ద. అక్కడ కావాల్సింది 50 ఎంఎం, 1.8 లెన్స్. 5.6తో పోలిస్తే అది దాదాపు పది రెట్లు వెలుగు లోపలికి పంపిస్తుంది. కొత్త లెన్స్‌ల్లో చవకైన వాటిలో ఇదొకటి. నేనొకసారి రాట్నం ముందు బాసింపట్టు వేసుకుని చాలాసేపు తీస్తుంటే, వడికే ఆవిడ చేయి ఆపకుండానే, "ఫొటో తీస్తే దారం ఇంకా సన్నబడతాదేటి బాబూ?" అంది.

అరసవల్లి సూర్యదేవుడి గుడి గురించి కూడా అడుగుతారు. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే ఉదయాల ఫొటో తీశావా అని. గర్భగుడిలో కెమెరాకు చోటు లేదు. బ్యాగు బయట వదిలేసి వరసలో నిలబడి చూడటమే.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకనే ప్రశ్న సరైనదే. పిల్లల పుట్టినరోజుకు ఫోనే మేలు. ఆ మాటకొస్తే కంపెనీలే అద్దాన్ని వదిలేశాయి. కెనాన్, నికాన్ 2020 తర్వాత కొత్త ఎస్సెల్లార్ మోడల్ తేలేదు, పెంటాక్స్ ఒక్కటే పట్టుకుని కూర్చుంది. స్టూడియోల వాళ్లంతా అద్దం లేని మిర్రర్‌లెస్ రకానికి మారుతున్నారు, పాత బాడీలు సగం ధర కన్నా తక్కువకు వచ్చేస్తున్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి కాలం లేదు. అయితే పెళ్లిళ్లలో తిరిగిన కెమెరాకు ఎన్ని క్లిక్కులయ్యాయో చూడాలి. నికాన్ అయితే దానితో తీసిన ఒక ఫొటో ఫైలు వివరాల్లో ఆ అంకె ఉంటుంది. మొదటి మెట్టు మోడళ్లకు లక్ష, ఆ పై వాటికి లక్షన్నర దాకా షట్టర్ నిలుస్తుందని అంచనా. నికాన్‌లో చిన్న బాడీలకు ఫోకస్ తిప్పే మోటారు లోపల ఉండదు, పాత లెన్స్ పెడితే చేత్తోనే తిప్పుకోవాలి. అది కూడా అడగాలి.

మా మేనల్లుడు మొన్న ఇలాగే శ్రీకాకుళంలో ఒక స్టూడియో వాళ్ల దగ్గర డి7000 బేరమాడాడు. క్లిక్కులు తొంభై వేలు, పర్వాలేదన్నాను. దానితో ఉన్న జూమ్ లెన్స్‌కు ఫోన్ లైటు వేసి చూస్తే పోగులు నడిమధ్య దాకా పాకి ఉన్నాయి. బాడీ ఒక్కటే తీసుకో, లెన్స్ వద్దు, మిగతా వాటి పక్కన పెడితే మంచిది కాదన్నాను. సరేనని వెళ్లాడు. సాయంత్రం రెండూ పట్టుకొచ్చాడు. "ఏం చెయ్యమంటావు మావయ్యా, ఊరికే ఇచ్చీసినారు" అన్నాడు. ఇప్పుడు దాన్ని తనే విప్పి గాజులు కడుగుతాడట, స్క్రూడ్రైవర్ల సెట్టుకు ఆర్డరు కూడా పెట్టాడు.