గుప్పెడు బియ్యం, పూటకో మాత్ర



మన తీరప్రాంత సంఘాల్లో ఆదివారం సాక్ష్యాల సమయం వచ్చిందంటే మాకు సంతోషమూ కలుగుతుంది, కొంచెం భయమూ వేస్తుంది. "ప్రభువు నా బి.పి. తీసివేశాడు, మాత్రలు మానేశాను" అని ఒకరు లేచి చెబుతారు. సంఘమంతా చప్పట్లు కొడుతుంది. కొన్ని నెలలకు ఆ ఇంటివారే మూతి వంకరపోయి, చేయి పడిపోయిన మనిషిని ఆటోలో వేసుకొని మన ఆసుపత్రికి వస్తారు. ఇటువంటి కుటుంబాలను మేము ఒకటి రెండు కాదు, చాలా చూశాము.

సాక్ష్యం చెప్పవద్దని మా మాట కాదు. లూకా 17వ అధ్యాయంలోని పదిమంది కుష్ఠరోగులను జ్ఞాపకం చేసుకోండి. తిరిగివచ్చి ప్రభువు పాదాల దగ్గర సాగిలపడిన ఆ ఒక్క సమరయుని గురించి ప్రసంగాలు ఎన్నో విన్నాము. అయితే ప్రభువు ఆ పదిమందినీ ముందుగా పంపింది యాజకుల దగ్గరకు. రోగం పోయిందో లేదో చూసి చెప్పవలసినవాడు ఆ రోజుల్లో యాజకుడే (లేవీయకాండము 14). మిగతా తొమ్మిదిమంది ఎక్కడ అని ప్రభువు అడిగాడే గాని, పరీక్షకు ఎందుకు వెళ్లారని అడగలేదు. బి.పి. చూపించుకోవడం, రక్తపరీక్ష చేయించుకోవడం అవిశ్వాసమని ఎవరైనా మీతో అంటే ఈ భాగాన్ని వారికి చదివి వినిపించండి.

బి.పి. ఎక్కువైనా చాలామందికి ఏ బాధా తెలియదు. మాత్ర వల్ల అది అదుపులో ఉంటుంది, మానితే మళ్లీ పెరుగుతుంది. క్షయ మందులు రెండు నెలలు వాడగానే దగ్గు తగ్గి, ఒళ్లు తేరుకుంటుంది. అక్కడే చాలామంది ఆపేస్తారు. మామూలు క్షయకు కనీసం 6 నెలలు వాడాలి. మధ్యలో మానితే క్రిములు మందుకు లొంగకుండా మొండివైపోతాయి, ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు.

"నయమైతే మందిరానికి మైకుసెట్టు ఇస్తాము" అని మొక్కుకునేవారు కూడా ఉన్నారు. మైకుసెట్టు మంచిదే! కాని దేవునితో బేరం ఎందుకు? మన తీరగ్రామాలకు వెళ్లేటప్పుడు దాటే బకింగ్‌హాం కాలువను చూడండి. 1876-78 నాటి ధాత కరువులో, అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలు నుండి జాన్ క్లౌ దొరగారు ఆ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చారు. ఆ కష్టకాలంలో బాప్తిస్మం కోరి ఎందరో వచ్చినా ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వారిమీద పడకూడదని ఆయన ఉద్దేశం. సహాయం పంచడం ముగిశాక కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇక పొందవలసిన కూలి, గింజలు ఏవీ లేనప్పుడు వచ్చిన మనుషులు వారు.

షుగరు ఇంకా పోలేదు, నా విశ్వాసమే తక్కువేమో అని కుమిలిపోయే అమ్మలకు ఒక మాట. పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు (2 కొరింథీ 12). అయినా ప్రతి పరిస్థితిలోనూ కృతజ్ఞత చెల్లించమని థెస్సలొనీకయులకు రాసింది ఆయనే.

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేతిలో డబ్బు ఆడదు. మాత్రలు మానేసేది ఎక్కువగా ఆ నెలల్లోనే. డబ్బు లేకపోతే సిగ్గుపడకుండా వచ్చి చెప్పండి. క్షయ మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ఆ రోజుల్లో కూరకు ఉప్పుచేపే దిక్కు అని మాకు తెలుసు. దాన్ని బాగా కడిగి, నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండండి, కూరలో మళ్లీ ఉప్పు వేయకండి. పెద్దవారికి రోజు మొత్తానికి ఉప్పు ఒక చెంచాకు మించకూడదు.

మన సంఘాల్లో స్త్రీలు అన్నం వండే ప్రతిసారీ దేవునికని గుప్పెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తారు. వేట పడిన రోజూ వేస్తారు, పడని రోజూ వేస్తారు. క్షయ మందులు పూర్తి చేసిన ఒక తల్లి ఆ డబ్బా మూతమీదే తన మాత్రలు పెట్టుకునేది. బియ్యం తీసి, ప్రార్థించి, మాత్ర వేసుకొని, అప్పుడు ఎసరు పెట్టేది.