జీడి లెక్కల్లో కామా, దశాంశ బిందువు: సాఫ్ట్‌వేర్ సంఖ్యలను చదివే తీరు

ఉద్దానం జీడితోటల దిగుబడితో పాటు ఆఫ్రికా దేశాల ముడి పిక్కలు కూడా పలాస ప్రాంత పరిశ్రమలకు చేరుతుంటాయి. ఐవరీ కోస్ట్, బెనిన్ దేశాల అధికార భాష ఫ్రెంచి. ఫ్రెంచి పద్ధతిలో దశాంశ స్థానాన్ని కామాతో సూచిస్తారు. 80 కిలోల ముడి పిక్కల నుంచి లభించే పప్పు బరువును పౌండ్లలో చెప్పడం ఈ వ్యాపారంలో ఆనవాయితీ. అక్కడి పత్రంలో 47,5 అని ఉంటే మనకు అది 47.5 పౌండ్లు.

కంప్యూటరు భద్రపరిచే సంఖ్యా విలువలో కామా గాని, బిందువు గాని ఉండవు. టైపు చేసిన అక్షరాలను సంఖ్యగా చదివేటప్పుడు, ఫలితాన్ని తెరపై చూపేటప్పుడు మాత్రమే అవి అవసరమవుతాయి. ఈ రెండు పనులనూ సాఫ్ట్‌వేర్ సాధారణంగా ప్రాంతీయ అమరికను బట్టి చేస్తుంది. ఒకే విలువ భారతీయ అమరికలో 12,50,000గా, అమెరికా అమరికలో 1,250,000గా, జర్మన్ అమరికలో 1.250.000గా కనిపిస్తుంది.

చిక్కు చదివేటప్పుడే వస్తుంది. 47,5ను కొన్ని ప్రోగ్రాములు కామా తొలగించి 475గా, మరికొన్ని కామా వద్ద ఆగి 47గా గ్రహిస్తాయి. స్ప్రెడ్‌షీట్ దానిని అక్షరాలుగా ఉంచితే సగటు లెక్కలో ఆ గడి చేరదు. ఇంతకన్నా ప్రమాదకరమైనది 1,250. ఫ్రెంచి పత్రంలో ఒకటింబావు టన్నులైన ఈ అంకె మన అమరికలో 1250 టన్నులవుతుంది. ఏ హెచ్చరికా రాదు.

తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 2003లో బిందువు, కామా రెండింటినీ దశాంశ చిహ్నాలుగా అంగీకరించింది; అంకెల గుంపుల మధ్య మాత్రం ఖాళీనే ఉంచాలని పేర్కొంది. కనుక జాగ్రత్త దత్తాంశం సేకరించేవారిదే.

విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు పాటించవలసినవి:

• ఫైలు తెరిచేటప్పుడే దాని మూల ప్రాంతీయ అమరికను ఎంచుకోవాలి. ఆర్ భాషలో దశాంశ కామా, సెమికోలన్ విభజన ఉన్న ఫైళ్లకు రీడ్.సీఎస్‌వీ2 ఆదేశం ఉంది.

• దత్తాంశ పట్టికలో దశాంశానికి బిందువునే వాడి, వేల, లక్షల కామాలను వదిలివేయాలి. ప్రమాణాన్ని శీర్షికలో రాయాలి.

• విశ్లేషణకు ముందు కనిష్ఠ, గరిష్ఠ విలువలను, నమోదైన గడుల సంఖ్యను సరిచూడాలి. 80 కిలోలంటే సుమారు 176 పౌండ్లు; అందులో 475 పౌండ్ల పప్పు రావడం అసాధ్యం.

పప్పు శాతాన్ని బట్టే ముడి పిక్కల ధర నిర్ణయమవుతుంది. కామా పొరపాటుతో తేలిన సగటును రైతుకు చెబితే నష్టం అతనిదే.