సాగరగర్భంలో ‘ఘాజీ’.. తీరాన యుద్ధచరిత్ర బాట

అరకులోయ: విశాఖ నుంచి అరకు మీదుగా సాగే కొత్తవలస-కిరండూల్ రైలుమార్గాన్ని 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం తరలింపు కోసం జపాన్ సహకారంతో నిర్మించారు. అంతకు రెండు దశాబ్దాల ముందు, 1942 ఏప్రిల్ 6న, విశాఖ, కాకినాడలపై బాంబులు కురిపించినవీ జపాన్ విమానాలే. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో పలు వాణిజ్య నౌకలు జలసమాధి అయ్యాయి. అదే ఏప్రిల్ 9న శ్రీలంకలోని బట్టికలోవా వద్ద మునిగిన బ్రిటిష్ విమానవాహక నౌక ‘హెర్మిస్’ను చూసేందుకు నేడు డైవర్లు సముద్రంలోకి దిగుతున్నారు. టర్కీ 2021లో గల్లిపోలి తీరాన మునిగిన యుద్ధనౌకలతో సాగరగర్భ ఉద్యానాన్నే ప్రారంభించింది.

మరి విశాఖలో ఇది సాధ్యమా? ఇక్కడ ఉన్నది పాకిస్థాన్ జలాంతర్గామి ‘ఘాజీ’. అమెరికా నౌకాదళంలో ‘డయాబ్లో’గా పనిచేసి, 1964లో పాకిస్థాన్ చేతికి వచ్చింది. విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదుకుతూ వచ్చి, 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ 93 మందితో సహా మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ప్రయోగించిన డెప్త్ ఛార్జీలే కారణమని భారత్, ప్రమాదవశాత్తు సంభవించిన పేలుడని పాకిస్థాన్ చెబుతున్నాయి. 2017 నాటి ‘ఘాజీ’ చలనచిత్రంలో చూపిన జలాంతర్గాముల ద్వంద్వయుద్ధం మాత్రం కల్పనే.

భారత నౌకాదళం తన సహాయక జలాంతర్గామి సాయంతో ఘాజీ శకలాలను గుర్తించినట్లు 2024 ఫిబ్రవరిలో వెల్లడైంది. అవి దాదాపు వంద మీటర్ల లోతున ఉన్నాయని వార్తలు వచ్చాయి. వినోదం కోసం ఈదేవారికి నలభై మీటర్లే హద్దు. లోతు సంగతి అటుంచినా, అది 93 మంది సమాధి. మృతులపై గౌరవంతో దానిని తాకరాదని నౌకాదళం నిర్ణయించింది. శత్రువులైనా వారు విధి నిర్వహణలో మరణించిన నావికులు. ఈ నిర్ణయం సముచితమే. మునక అవశేషాలను ఉన్నచోటనే కాపాడడం ఉత్తమమని యునెస్కో 2001 ఒడంబడిక సైతం చెబుతోంది.

కాబట్టి బాట ఒడ్డుననే వేయాలి. అందుకు కావలసినవి బీచ్‌రోడ్డులో ఉన్నాయి. 1971 యుద్ధ స్మారకం 1996లో వెలసింది. ఆ యుద్ధంలో అరేబియా సముద్రాన గస్తీ తిరిగిన కురుసుర జలాంతర్గామి 2002 ఆగస్టు నుంచి ప్రదర్శనశాలగా ఉన్నది. దాని ఎదుటనే 2017లో టీయూ-142 విమానం చేరింది. వీటిని కలుపుతూ 1942 నాటి దాడిని, ఘాజీ మునిగిన దిశను, ఇరుదేశాల కథనాలను తెలిపే ఫలకాలు నిలిపితే చాలు. అరకు రైలెక్కే ముందు ఒక సాయంత్రంలో నడిచి చూడదగిన దూరమది.